కుక్కల ఒప్పియా చెప్పని మాట

రోముకి దగ్గర్లోని మా అరీసియాలో ఒప్పియా అని కేకేస్తే ముగ్గురు తలుపులు తీస్తారు. కుక్కల ఒప్పియా అంటే మాత్రం ఒక్కతే. ఆవిడని పిలిస్తే ఆవిడకంటే ముందు దొడ్లో ఉన్న కుక్కలన్నీ పలికేవి. మొన్నటి చలికాలంలో కాలం చేసింది. చితి ఆరకముందే ఊరు ఆవిడ మీద కథలు అల్లడం మొదలెట్టింది. చాకలి వీధిలో ఒకడు ఆవిడ కుక్క ఫుల్వా పండుగనాడు నోరు తెరిచి లాటిన్ మాట్లాడిందని ప్రమాణం చేసి మరీ చెబుతున్నాడు. ఫుల్వా మాట్లాడలేదు. అసలు ఆ రోజు గొడవంతా కుక్కకి ఎవరూ మాట చెప్పకూడదు కాబట్టే వచ్చింది. అందుకే ఎవరూ అడగకపోయినా నేను చెప్పడానికి కూర్చున్నాను.

ఆ రోజు తప్పిపోయిన పిల్లని నేనే. పేరు నోనియా. అప్పటికి పట్టుమని నాలుగేళ్ళు లేవు. కాబట్టి ఇందులో చాలావరకు మా అమ్మ రూబ్రియా చెప్పింది, కొంత ఒప్పియా చెప్పింది, ఇంకొంత గుడి కాపరి గవియస్ చచ్చినట్టు ఒప్పుకున్నది. నాకు నాకుగా గుర్తున్నది ఒక్కటే ఒక్కటి. అది చివర్లో వస్తుంది.

ఒప్పియా బానిసగా పుట్టింది, ఒప్పియస్ అనే భూస్వామి వేటకుక్కల దొడ్లో, గడ్డి మీద. కుక్కపాలు తాగి పెరిగిందని గిట్టనివాళ్ళు అనేవారు. ఆవిడ కాదనేది కాదు. "తాగితే తాగాను. మనుషుల పాలు తాగి మీరేం ఉద్ధరించారో చెప్పండి," అనేది. యజమాని పోతూ పోతూ ఆవిడకి విడుదల ఇచ్చాడు, తన ఇంటిపేరు ఇచ్చాడు, మూతి నెరిసిన ఒక ముసలి కుక్కని కూడా ఇచ్చాడు. మూడింటిలోకీ కుక్కే అక్కరకొచ్చిందట.

ఆ కుక్క సంతానంతోనే ఆవిడ బతుకు నిలబడింది. చెరువు ఒడ్డున మట్టిబొమ్మలు చేసే ట్రెబియస్‌ని పెళ్ళి చేసుకుంది. కాలు నొప్పి ఉన్నవాళ్ళకి మట్టి కాలు, కళ్ళు మసకలైనవాళ్ళకి మట్టి కళ్ళు, పిల్లలు లేనివాళ్ళకి గుడ్డలో చుట్టిన మట్టి పసిబిడ్డ చేసి ఇచ్చేవాడు. కొన్నవాళ్ళు వాటిని తీసుకెళ్ళి వేట దేవత డయానా అమ్మవారి గుడిలో పెట్టుకుని మొక్కేవారు. ఎంత మంచివాడంటే, ఇంట్లో ఇన్ని కుక్కలున్నా ఒక్క బొమ్మ పగిలిందని ఎప్పుడూ నోరు చేసుకోలేదు.

ఒప్పియా కుక్కలకి విద్య నేర్పే తీరు చూడటానికి జనం పనులు మానుకుని గోడలెక్కేవారు. పాలు మరిచిన కుక్కపిల్లని దొడ్లో వదిలి, దాని పక్కనే తానూ చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి వంగేది. ముక్కు మట్టికి తగిలేలా పెట్టి, బుస్సుబుస్సుమని పీలుస్తూ, ట్రెబియస్ పాత చెప్పు ఎక్కడ దాచి ఉంటే అక్కడిదాకా పాకేది. కుక్కపిల్ల కాసేపు వెర్రిమొహం వేసి చూసి, ఆ తర్వాత తానూ ముక్కు దించేది. చెప్పు దొరికితే ఇద్దరూ కలిసి దాన్ని పీకేవారు. ఒప్పియా ఇంటికి వెళితే ఏది కుక్కో ఏది ఇల్లాలో తోక చూసి తెలుసుకోవాలని ఊళ్ళో సామెతే పుట్టింది.

ఈ పాకులాట పిల్ల దశలోనే. తర్వాత మాట నేర్పేది. "వెతుకు" అంటే వెతకాలి. అనకపోతే ముక్కు ముందు లేడి ఈనినా కదలకూడదు. మొరగమంటేనే మొరగాలి. అలా తయారైన వాటిలో రత్నం లాంటిది ఫుల్వా. ఒళ్ళంతా తేనె రంగు, చెవుల కొసలు నలుపు. అల్గిడస్ కొండ మీద మంచులో కూరుకుపోయిన గొర్రెల కాపరిని అది వెతికి పట్టిందని రోములో వేటగాళ్ళు కూడా దాని పేరు చెప్పుకునేవారు.

ఇక ఒప్పియాకీ అమ్మవారికీ ఉన్న తగాదా చెప్పాలి. వాళ్ళకి పిల్లలు పుట్టలేదు. అడవిలో ఆడమృగాల కాన్పులూ ఇళ్ళల్లో మనుషుల కాన్పులూ చూసుకునేది మా డయానాయే కదా, ఏటేటా ట్రెబియస్ ఒక మట్టి బిడ్డని చేసేవాడు. మట్టి ఆరకముందే ఒప్పియా ఆ బిడ్డ వీపు మీద ఒక కుక్కపిల్ల పాదం అద్దేది. "గుర్తు లేకపోతే ఆ తల్లి నా బిడ్డని ఇంకెవరికో ఇచ్చేస్తుంది. ఆవిడకి మాత్రం ఎంతమందని గుర్తుంటారు?" అనేది. ఆ బిడ్డని గుడిలో పెట్టి, ఏడాదంతా ఎదురుచూసి, మళ్ళీ ఇంకో బిడ్డని తెచ్చేది. అలా పదేళ్ళు దాటాక, ట్రెబియస్ జ్వరంతో పోయాడు. ఆ రోజు నుంచి ఒప్పియా అమ్మవారితో మాటలు మానేసింది.

గుడికి రావడం మాత్రం మానలేదు, కుక్కల పని ఉండేది కాబట్టి. మా గుడిలో అమ్మవారు ముగ్గురుగా పక్కపక్కనే నిలబడి ఉంటుంది, మూడూ ఆవిడే. ఆ లోపలి మూర్తి సంగతి సరే, గుమ్మం పక్కన ఇంకో కంచు విగ్రహం ఉంది. మోకాళ్ళ పైకి బిగించిన అంగీ, భుజం మీదుగా వెనక్కి చాచిన చెయ్యి అమ్ములపొదిలోంచి బాణం లాగుతూ, ఇప్పుడే అడవిలోంచి దూకి వచ్చినట్టుంటుంది. పాదాల దగ్గర కంచు కుక్క. అందరూ నిమిరీ నిమిరీ దాని ముక్కు బంగారంలా మెరుస్తూ ఉంటుంది. ఒప్పియా తలెత్తి అమ్మవారి మొహం చూసేది కాదు. ఆ కుక్క ముక్కు మీద చెయ్యి వేసి, "మీ అమ్మగారితో చెప్పు, ఈసారి ఈతలో అన్నీ ఆడపిల్లలే వచ్చాయని," అని చెప్పి వెళ్ళిపోయేది. కోపం వచ్చిన కోడలు అత్తతో పనిమనిషి ద్వారా మాట్లాడినట్టు ఉండేది ఆ వ్యవహారం.

ఆగస్టు నడిమి పండుగ అమ్మవారి పండుగ. ఆ రోజు ఆడవాళ్ళందరూ తలంటుకుంటారు, బానిసలకి పని ఉండదు, ఈటెలు తుడిచి గోడకి ఆనిస్తారు. వేటకుక్కల మెడ తాళ్ళు విప్పి గుడి గోడకున్న మేకులకి తగిలించి, తలల మీద పూలదండలు పెడతారు. తెల్లారినప్పటి నుంచి సూర్యుడు చెరువు వెనక దిగేదాకా వేటకుక్కకి ఎవరూ ఏ ఆజ్ఞా ఇవ్వకూడదు. నోటితో కాదు, చేత్తో కాదు, ఈలతో కూడా కాదు. ఆ ఒక్క పూట అవి అమ్మవారి కుక్కలు. కాదని ఎవరైనా ఆజ్ఞ ఇస్తే అమ్మవారు ఆ కుక్క ముక్కు అక్కడికక్కడే మూసేస్తుంది. ఇది ఏదో ముసలమ్మల మాట కాదు. ఒప్పియా చిన్నప్పుడు యజమాని కొడుకు పండుగనాడు కుందేలు కనబడితే ఆగలేక "పట్టు" అని అరిచాడు. ఆ కుక్క ఆ తర్వాత తన తిండి గిన్నె ఎక్కడుందో కూడా వాసన పట్టలేకపోయింది. ఒప్పియా కళ్ళారా చూసింది.

ఆ ఏడు పండుగ పొద్దున్న ఒప్పియా కుక్కలతో గుడికి వచ్చేసరికి గవియస్ గుమ్మంలో నిలబడి పూలదండలు పంచుతున్నాడు. బొద్దుమనిషి, నోరు కాస్త పెద్దది.

"ఏమ్మా ఒప్పియా, అమ్మవారితో పలకరింపులు మొదలయ్యాయా, ఇంకా కుక్కతోనేనా?"

"కుక్కతోనేనయ్యా. అదైతే వింటుంది."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. లోపలికెళ్ళి ఇంకోసారి అడగరాదూ?"

"అడిగినా పెట్టని అమ్మని ఇక్కడే చూశాగా. తాళ్ళు ఎక్కడ తగిలించాలో చెప్పు ముందు."

పక్కన వేటగాళ్ళు తమ కుక్కలు పండుగ మరిచి ఏ కుందేలు వెంటో పడతాయని గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళని చూసి ఒప్పియాకి నవ్వొచ్చింది.

"పట్టుకోండి నాయనా, పట్టుకోండి. నా ఫుల్వాకి తాడున్నా ఒకటే, లేకున్నా ఒకటే. నా నోట్లోంచి మాట రాకుండా అది వాసన కూడా పీల్చదు."

"అంత గొప్పలు పోకు, అమ్మవారు వింటోంది," అన్నాడు గవియస్.

"ఆవిడ వినదని చెప్పాగా!"

ఫుల్వా గురించి ఆవిడ అన్న మాట అందరూ విన్నారు. సాయంత్రానికి ఆ మాటే ఆవిడ మెడకి చుట్టుకుంది.

మా అమ్మ ప్రాంగణం చివర పొయ్యి పెట్టి, ఆకుల్లో చుట్టిన వేడి రొట్టెలు అమ్ముతోంది. నన్ను పక్కనే పీట మీద కూర్చోబెట్టి, చేతికి కొమ్మతో సహా ఒక ఆపిలు ఇచ్చింది. పొద్దు వాలుతున్న వేళ బేరాలు ముమ్మరమయ్యాయి. ఒక రోము ఇల్లాలికి రొట్టెలు కట్టిచ్చి ఇటు తిరిగేసరికి పీట మీద ఆపిలు కొమ్మ మాత్రం ఉంది.

ముందు కోప్పడింది. తర్వాత పిలిచింది. తర్వాత పక్క దుకాణాల కిందా, బండ్ల కిందా వంగి వంగి చూసింది. ఆ తర్వాత అరుపులు మొదలెట్టింది. జనం పోగయ్యారు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు కాదు కదా? సరిగ్గా చూశావా?" అన్నాడు గవియస్.

"నా చంకలో నిప్పులున్నాయి, చూస్తావా!" అని మా అమ్మ అట్లకాడ ఎత్తింది. అప్పుడు ఆయనకి అర్థమైంది ఇది నవ్వే సంగతి కాదని.

మా చెరువు చుట్టూ కొండ గోడలా నిలబడి ఉంటుంది. గోడ నిండా అడవి. ఒక పక్క నీళ్ళు. పిల్ల నీళ్ళవైపు పోయిందో, అడవిలోకి పోయిందో, ఎవరికీ తెలియదు. మగవాళ్ళు తలో దిక్కుకీ పరిగెత్తారు. పేరు పెట్టి పిలుస్తుంటే వాయిద్యాల హోరులో పిలిచినవాడికే వినబడటం లేదు.

ఇంతలో కొండ కొమ్మున మొదటి దివిటీ కనబడింది. రోము నుంచి మొక్కులు తీర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్ళ ఊరేగింపు అది. వేలమంది, ప్రతి చేతిలో మంట. ఏటా ఆ దివిటీలు చూడగానే జనం కేరింతలు కొడతారు. ఆ రోజు మాత్రం ఒప్పియా మొహం పాలిపోయింది.

"వాళ్ళు ఇక్కడికి దిగారంటే అయిపోయినట్టే. ఇన్ని కాళ్ళు తొక్కాక, ఇంత పొగ కమ్మాక, ఏ కుక్కకీ ఏ వాసనా దొరకదు," అంది.

"మరి నీ ఫుల్వాని పంపవే! కాపరిని వెతికింది కదా! నా పిల్లని వెతకదా?" అని మా అమ్మ ఆవిడ కాళ్ళ మీద పడింది.

ఒప్పియా అమ్మ దగ్గరున్న నా పై గుడ్డ తీసుకుని, ఏ మాటా అనకుండా ఫుల్వా ముక్కు దగ్గర పెట్టింది. తల మీద పూలదండతో ఫుల్వా కూర్చుని ఉంది. గుడ్డని చూడలేదు. ఒప్పియా మొహంలోకి చూసింది. చెవులు నిక్కబొడుచుకుంది, ఒళ్ళంతా సన్నగా వణికింది, కానీ కదల్లేదు. మాట కోసం కాచుకుని ఉంది.

గడ్డం నిమిరినా, గుడ్డని అలాగే పట్టుకుని ఉన్నా అంతే. నా నోట్లోంచి మాట రాకుండా అది వాసన కూడా పీల్చదని పొద్దున్న ఊరంతా వినేలా చెప్పుకుంది కదా, ఆ మాట నిజమేనని ఫుల్వా ఇప్పుడు ఊరందరి ఎదుటా రుజువు చేస్తోంది!

"చెప్పు ఒప్పియా! నీకు దండం పెడతా, ఆ ఒక్క మాట చెప్పవే!" అని మా అమ్మ ఏడుస్తోంది.

"వద్దు, వద్దు! ముక్కు మూసుకుపోతుంది!" అని వేటగాళ్ళు అడ్డంపడ్డారు. "ఉన్న ఒక్క దారీ పోతుంది!"

"కుక్క ముక్కు పోతే పోనీ! నా పిల్ల ముఖ్యమా, కుక్క ముఖ్యమా?"

"ఒసేయ్ రూబ్రియా, నేను కుక్క కోసం ఆగానటే?" ఒప్పియా అరిచింది. "చెప్పిన మరుక్షణం దాని ముక్కు మూసుకుపోతే నీ పిల్లని ఎవరే వెతికేది? నేనా?"

అని ఆగింది. మా అమ్మ చెప్పేది, ఆ ఆగడం ఇప్పటికీ తన కళ్ళముందే ఉందని. ఒప్పియా తన మాట తానే విన్నట్టు నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. మళ్ళీ మెల్లిగా అంది, "నేనా?"

అంతే! అంగీ అంచులు నడుములో దోపుకుని, మా అమ్మ పొయ్యి పక్కన, నేను కూర్చున్న పీట ముందు, చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి వంగింది. ముక్కు పీటకి తగిలించి బుస్సుబుస్సుమని పీల్చింది. తెల్లబడుతున్న జుట్టుతో, అంత పెద్దమనిషి, తలంటుకుని పూలు పెట్టుకున్న రోము ఇల్లాళ్ళ నడుమ, నాలుగు కాళ్ళ మీద పాకడం మొదలెట్టింది.

కిసుక్కుమని ఒకత్తి నవ్వింది. తర్వాత పదిమంది నవ్వారు. మతి పోయిందన్నారు. ఒప్పియా ఎవరినీ చూడలేదు. పీట చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ పీల్చి, పొయ్యి వెనక్కి పాకింది.

ఫుల్వా తల పక్కకి వాల్చి చూసింది. ఈ ఆట చూసి ఎన్నాళ్ళయిందో! ముందు కాళ్ళు చాచి, వెనక భాగం పైకెత్తి, చిన్న కుక్కపిల్లలా ఒక్క గెంతు గెంతింది. తోక గిరగిరా తిరిగింది. ఒప్పియా పక్కకి వచ్చి, ఆవిడ ముక్కు ఉన్నచోటే తన ముక్కు పెట్టింది. గట్టిగా పీల్చింది. పూలదండ ఒక చెవి మీదకి జారింది. మరుక్షణం బాణంలా పొయ్యి వెనక నుంచి దూసుకుపోయింది.

"పట్టింది! పట్టింది!" అని వేటగాళ్ళు గంతులేశారు.

ఆనందంతో ఒప్పియా లేచి పరిగెత్తబోయింది. ఆవిడ నిలబడగానే ఫుల్వా ఆగిపోయింది. వెనక్కి వచ్చి, ఆవిడ ఎడమ కాలి పక్కన బుద్ధిగా కూర్చుని, మొహంలోకి చూసింది. నిలబడితే ఆవిడ యజమానురాలు, యజమానురాలి మాట కావాలి. వంగి ఉంటేనే ఆట!

"ఓసి నీ విద్య తగలెయ్య!" అని తన్ను తానే తిట్టుకుని ఒప్పియా మళ్ళీ మోకాళ్ళ మీదకి దిగింది. మా అమ్మ కూడా దిగింది. ఎందుకు దిగిందో తనకే తెలియదట, నిలబడటం పాపమనిపించిందట. ఫుల్వా ముందు, ఒప్పియా వెనక, మా అమ్మ ఆ వెనక. మట్టిబొమ్మల దుకాణాల ముందు నుంచి, మెట్ల పక్క నుంచి, గులకరాళ్ళ మీదుగా పాకారు. మోకాళ్ళు చీరుకుపోయాయి. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. జనం దారి ఇస్తూ గోడలకి అతుక్కుని చూస్తున్నారు.

అటు దివిటీలు కొండ దిగి ప్రాంగణం వాకిట్లోకి వచ్చేశాయి. మా గవియస్ గురించి ఎన్ని అన్నా ఈ ఒక్కటి ఆయన ఖాతాలో వెయ్యాలి. ఆ బొద్దుమనిషి పరిగెత్తుకెళ్ళి, వాకిలికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

"ఆగండి తల్లీ, ఆగండి! ఒక్కరు కూడా అడుగు వెయ్యకండి!"

"రోము నుంచి నడిచొచ్చామయ్యా! అమ్మవారి మొక్కుకి అడ్డం వస్తావా?" అని ముందున్న ఆవిడ దివిటీ ఊపింది.

"అమ్మవారి కుక్క ఆడుకుంటోంది! అది ఆడుకునే రోజు ఇదొక్కటే! ఆట అయ్యేదాకా ఆగండి!"

"ఎవరైనా ఆజ్ఞ ఇచ్చారా దానికి?"

"ఒక్క మాట, ఒక్క సైగ లేదు! ఈ చెవులతో, ఈ కళ్ళతో సాక్ష్యం నేను!"

వెనక్కి వెనక్కి వార్త పాకి, కొండ దారి పొడుగునా దివిటీలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఫుల్వా గుడి వెనక గోడ దాటి, తీగలు అల్లుకున్న ఒక చోట నిలబడిపోయింది. మొరగలేదు, మొరగమని ఎవరూ చెప్పలేదు కదా. దండ మెడలోకి జారి, తోక నిటారుగా పెట్టి, తీగల్లోకి చూస్తూ ఉంది. ఒప్పియా పాకుతూ వచ్చి తీగలు తప్పించింది. కింద కుళ్ళిన చెక్కలు విరిగి ఉన్నాయి. వాటి కింద గొయ్యి.

గుడిలో పెట్టిన బొమ్మలు అమ్మవారి సొత్తు. అలమరాలు నిండిపోతే పారెయ్యకూడదు, అమ్మకూడదు. గుడి నేలలోనే గోతులు తవ్వి అందులో పెట్టి చెక్కలు వేస్తారు. ఇది అలాంటి పాత గొయ్యి. ఒప్పియా తొంగి చూసింది. వాలుపొద్దు వెలుగులో నిండా మట్టి చేతులు, మట్టి పాదాలు, మట్టి కళ్ళు. వాటి మధ్య గుడ్డల్లో చుట్టిన పసిబిడ్డలు, పదులకొద్దీ. అన్నిటి మీదా ఒకటే దుమ్ము, ఒకటే రంగు. అందులో ఏది మట్టి, ఏది మనిషి?

"నోనియా!" అని మా అమ్మ అరిచింది. ఏ బొమ్మా పలకలేదు.

అప్పుడు ఒక బొమ్మ తుమ్మింది.

ఒప్పియా గోతిలోకి దూకిన దూకుడుకి రెండు మట్టి పాదాలు పగిలాయట. నా నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి, ముక్కు నిండా దుమ్ము, అంతకంటే ఏమీ కాలేదు. పడిన దెబ్బకి కాసేపు స్పృహ తప్పి, ఆ తర్వాత అక్కడే నిద్రపోయి ఉంటానని అమ్మ అనేది. ఒప్పియా నన్ను రెండు చేతులా ఎత్తింది. ఎత్తగానే నా కింద ఉన్న బొమ్మ పక్కకి దొర్లింది. దాని వీపు మీద చిన్న కుక్కపిల్ల పాదం గుర్తు ఉంది. దాని పక్కన ఇంకోటి, దానికీ ఉంది. ఏళ్ళ తరబడి తానూ ట్రెబియస్సూ చేసి, గుర్తు అద్ది, ఎదురుచూసిన బిడ్డలందరూ అక్కడే ఉన్నారు. వాళ్ళ ఒళ్ళోనే నేను పడి ఉన్నాను.

ఆవిడ చాలాసేపు నన్ను పైకి ఇవ్వలేదట. మా అమ్మ గోతి అంచున చేతులు చాచి, "ఇవ్వవే అక్కా, ఇవ్వవే," అంటూనే ఉందట. తీరా నన్ను అందించి, గోతిలోనే కూర్చుని ఒప్పియా వెక్కివెక్కి ఏడ్చింది. ట్రెబియస్ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదని ఊరంతా అంది.

గవియస్ చేతులు దించాడు. దివిటీలు ఏరులా లోపలికి వచ్చాయి. సంగతి తెలిసి రోము ఆడవాళ్ళు కేకలు వేస్తూ, నన్ను ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని ముద్దులాడారు. ఆ సందడిలోనే ఒప్పియా పైకెక్కి, మోకాళ్ళ నుంచి నెత్తురు కారుతుండగా, మట్టి కొట్టుకున్న ఒంటితో తిన్నగా గుడి గుమ్మం దగ్గరికి నడిచింది. కంచు కుక్క ముక్కు మీద అలవాటుగా చెయ్యి పడింది. చెయ్యి తీసేసింది. తలెత్తి, ఎన్నో ఏళ్ళ తర్వాత, అమ్మవారి మొహంలోకి చూసింది. గవియస్ వెనకే నిలబడి అంతా విన్నాడు.

"ఏమమ్మా. ఒళ్ళో పెట్టమని అడిగాను నేను. నువ్వు వేటదానివి, ఒళ్ళో పెడతావా? ఎక్కడో దాస్తావు. మోకాళ్ళు చీరుకుపోయేదాకా వెతికిస్తావు. దొరికాక, అది నీది కాదు, తల్లికి ఇచ్చెయ్యమంటావు. నీకేమైనా న్యాయం ఉందా అసలు?" తర్వాత గొంతు తగ్గించి, "అయినా ఎంత బాగా తుమ్మిందో చూశావా?" అంది.

ఆ తర్వాత సంగతులు రెండు ముక్కల్లో అయిపోతాయి. మా అమ్మ రొట్టెల పనికి వెళ్ళినప్పుడల్లా నేను ఒప్పియా దొడ్లోనే పెరిగాను. పాకడం నేర్పింది, చెప్పు వెతకడం నేర్పింది. కుక్కలకి మాట నేర్పినా, ఆట మాత్రం మానిపించేది కాదు ఇక. వాటితోపాటు చివరిదాకా మోకాళ్ళ మీద పాకింది, లేవలేనప్పుడు నేను చెయ్యి ఇచ్చి లేపేదాన్ని. ఇప్పుడు ఆ దొడ్డి నాది. ఊరు నన్ను కుక్కల నోనియా అంటోంది, నాకేం కష్టంగా లేదు.

కానీ ఆ సాయంత్రం ఇంకొంచెం మిగిలి ఉంది. ఒప్పియా గుడి గుమ్మం దగ్గర్నుంచి ఇటు తిరిగేసరికి సూర్యుడి చివరి ముక్క చెరువు వెనక దిగిపోయింది. గవియస్ గంట కొట్టాడు. ఆజ్ఞలు లేని పూట ముగిసింది. ఫుల్వా వచ్చి ఆవిడ ఎడమ కాలి పక్కన కూర్చుని, పొద్దుటి నుంచీ చూస్తున్నట్టే మొహంలోకి చూసింది. ఆట ఆడింది కానీ, మాట ఇంకా రాలేదు కదా. దాని లెక్కలో పని మొదలే కాలేదు.

ఒప్పియా కళ్ళు తుడుచుకుని, గట్టిగా, ప్రాంగణమంతా వినేలా అంది:

"వెతుకు!"

అంత జనంలోంచి, అన్ని కాళ్ళ మధ్య నుంచి, అంత పొగలోంచి ఫుల్వా నేరుగా మా అమ్మ ఒళ్ళో ఉన్న నా దగ్గరికి వచ్చి, ముక్కు నా బొడ్డు మీద ఆనించింది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నాకే గుర్తుంది. తడిగా, చల్లగా ఉంది.